బాద్‌గీర్

బాద్‌గీర్ అనునది ఇరాన్ మొదలగు ఉష్ణ, శుష్క ప్రాంతములలో ఇంటిపై నిర్మించు గాలి బురుజు. విద్యుత్తు అవసరము లేకుండానే ఇది పైనున్న గాలిని గదులలోనికి దింపి, లోపలి వేడి గాలిని వెలుపలికి పంపును. పారసీక భాషలో బాద్ అనగా గాలి, గీర్ అనగా పట్టునది. తెలుగులో గాలిగోపురమనిన దేవాలయ ద్వారముపైనున్న గోపురము. దానికిని దీనికిని సంబంధము లేదు.

నిర్మాణము

మధ్య ఇరాన్‌లోని యజ్ద్ నగరము బాద్‌గీర్లకు ప్రసిద్ధి. ఇచ్చట వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటును. బురుజును ఇటుకలతో కట్టి మట్టితో మెత్తుదురు. లోపల నిలువు అడ్డుగోడలు గాలిమార్గములను వేరుచేయును. గాలి ఒకే దిక్కునుండి వీచు చోట ఒకవైపే ద్వారములుండును. దిక్కు మారుచుండు చోట నాలుగు లేక ఎనిమిది వైపుల ఉండును. యజ్ద్‌లోని దౌలతాబాద్ తోటలో 18వ శతాబ్దమున నిర్మించిన అష్టభుజి బాద్‌గీర్ ఎత్తు సుమారు 33 మీటర్లు.

పనిచేయు విధానము

నేలపై కంటె ఎత్తున గాలి వేగము ఎక్కువ, ధూళి తక్కువ. గాలి తగులు వైపు పీడనము పెరిగి గాలి లోనికి దిగును. ఎదుటివైపు పీడనము తగ్గి లోపలి గాలి వెలుపలికి లాగబడును. గాలి లేనప్పుడు ఎండకు వేడెక్కిన బురుజు పొగగొట్టమువలె పనిచేసి వేడి గాలిని పైకి పంపును. క్రింద నీటి తొట్టి గాని, ఖనాత్ అను భూగర్భ కాలువ గాని ఉన్నచో, నీరు ఆవిరగుటచే గాలి మరింత చల్లబడును. తెలుగునాట వేసవిలో వట్టివేళ్ళ తడికలపై నీరు చల్లుటలోని సూత్రము ఇదియే. గాలిలో తేమ అధికముగానున్న తీరప్రాంతములలో ఈ ప్రయోజనము తక్కువ.

బాద్‌గీర్ ఒంటరిగా పనిచేయదు. పగటి వేడిని ఆలస్యము చేయు మందపాటి మట్టిగోడలు, నీడనిచ్చు లోగిలి, ఇరుకు వీధులు దానికి తోడ్పడును.

నీటి నిలువలపై

త్రాగునీటి నిలువ కట్టడములపై కూడ వీటిని నిర్మించిరి. యజ్ద్‌లో ఆరు బాద్‌గీర్లు గల అట్టి కట్టడమొకటి ఉన్నది.

ప్రస్తుత స్థితి

విద్యుత్ కూలర్ల రాకతో అనేక బాద్‌గీర్లు నిరుపయోగమైనవి. ధూళి, కీటకములు, పక్షులు లోనికి వచ్చుట వీటి లోపము. లోతైన బావుల వలన భూగర్భజలము తగ్గి పలు ఖనాత్‌లు ఎండిపోగా, వాటిపై ఆధారపడిన శీతలీకరణము కూడ నశించినది. బురుజు నిలిచియున్నను నీరు లేనిచో ఫలితము సగమే. యజ్ద్ చారిత్రక నగరమును యునెస్కో 2017లో ప్రపంచ వారసత్వ ప్రదేశముగా గుర్తించినది.

అమెరికాలోని జయాన్ జాతీయవనమున 2000లో ప్రారంభమైన సందర్శకుల కేంద్రములో, పైభాగమున తడి పలకలనుంచిన శీతల బురుజులు ఇదే సూత్రమును వినియోగించుచున్నవి.