ఆసియా క్లబ్ ఫుట్‌బాల్ తొలి నాకౌట్ మెట్టు: తెలుగు నేల అనుభవం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
1950–54 మధ్య వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు భారత ఫుట్‌బాల్ చరిత్రలో అగ్రశ్రేణికి చెందినది. అయినా ఆసియా క్లబ్బుల పోటీల ప్రధాన దశలో హైదరాబాదు పేరు కనిపించదు. ఈ లోటుకు ఆటగాళ్ల సామర్థ్యం కారణమా, పోటీల కాలక్రమమూ ప్రవేశ నియమాలూ కారణమా అన్న ప్రశ్నను అనంతపురం జిల్లా సరిహద్దు మండలమైన కణేకల్ భౌగోళిక స్థానం నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నాకౌట్ పద్ధతి, హైదరాబాదు సిటీ పోలీసు, ఎస్.ఎ. రహీం, సంతోష్ ట్రోఫీ, ఆసియా క్లబ్ పోటీలు, కణేకల్, అనంతపురం

ఉపోద్ఘాతం

కణేకల్‌కు అనంతపురం కంటే బళ్ళారి దగ్గర. వేదవతి నదిని ఇక్కడివారు హగరి అంటారు. ఆ నది ఇసుక ఒకవైపు, తుంగభద్ర ఎగువ కాలువ మరొకవైపు ఉన్న ఈ ప్రాంతం ఒకప్పుడు బళ్ళారి జిల్లా రాయదుర్గం తాలూకాలో భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి పట్టణం మైసూరుకు పోయింది. సంతలో రెండు భాషలూ వినిపించే ఊళ్ల మధ్య అలా ఒక రాష్ట్రసరిహద్దు ఏర్పడింది.

ఫుట్‌బాల్ చరిత్రకు ఈ గీతతో పనేమిటన్న సందేహం సహజం. కానీ ఆసియా క్లబ్బుల పోటీకి భారతదేశం తొలినాళ్లలో పంపినవి క్లబ్బులు కావు, రాష్ట్రాల జట్లు. గీతకు ఏ వైపున ఉన్నారన్నదాన్ని బట్టి ఒక తరం ఆటగాళ్లకు అంతర్జాతీయ క్లబ్ పోటీ తలుపు తెరుచుకోవడమో మూసుకుపోవడమో జరిగింది. 1969లో ఆ పోటీకి వెళ్లింది మైసూరు రాష్ట్ర జట్టు. ఆ సమయంలో ఆంధ్రప్రదేశ్ ఎక్కడుందన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

తొలి మెట్టు స్వరూపం

అంతర్జాతీయ క్లబ్ పోటీలో తొలి నాకౌట్ దశకు ఒక ప్రత్యేకత ఉంది. అంతిమ పోటీలో ఓడిన జట్టును చరిత్ర గుర్తుంచుకుంటుంది. తొలి మెట్టులో ఓడిన జట్టు పట్టికలో ఒక పేరుగా మాత్రమే మిగులుతుంది. ఐరోపాలో ఫ్రెంచి పత్రిక ‘లెకిప్’ చొరవతో, ఆ పత్రికకు చెందిన గాబ్రియేల్ హానో ప్రేరణతో యూరోపియన్ కప్పు 1955లో మొదలైంది. పదహారు జట్లు నేరుగా నాకౌట్‌లోకి దిగాయి. మొదటి ఆట 1955 సెప్టెంబరు 4న లిస్బన్‌లో స్పోర్టింగ్, పార్టిజాన్ జట్ల మధ్య జరిగి 3–3తో సమమైంది. రియల్ మాడ్రిడ్ తొలి మెట్టులో స్విట్జర్లాండు జట్టు సర్వెట్‌ను 2–0, 5–0 తేడాలతో దాటి, చివరికి కప్పు గెలిచింది.

సొంతగడ్డపై ఒక ఆట, పరాయిగడ్డపై మరొక ఆట ఆడి రెండింటి గోల్‌లను కలిపి విజేతను తేల్చే పద్ధతి నాడే స్థిరపడింది. ఒక్క రోజు దురదృష్టానికి జట్టు బలికాకుండా కాపాడే ఏర్పాటిది. ఆసియాలో ఈ ఉదారత ఎల్లవేళలా లేదు. దూరాలు ఎక్కువ, ప్రయాణఖర్చు ఎక్కువ. అందువల్ల తొలినాళ్లలో జట్లన్నిటినీ ఒకే నగరానికి రప్పించి కొద్దిరోజుల్లో పోటీ ముగించేవారు. 1967, 1969, 1971 పోటీలు బ్యాంకాక్‌లోనూ, 1970 పోటీ టెహ్రాన్‌లోనూ జరిగాయి. ఏ.ఎఫ్.సి. కప్పులో కూడా పదహారు జట్ల నాకౌట్ దశను ఒకే ఆటతో తేల్చిన సందర్భాలున్నాయి. ఓడిన జట్టుకు రెండో అవకాశం ఉండేది కాదు.

పోటీకి ముందే వచ్చిన జట్టు

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు విజయాలన్నీ దాదాపుగా నాకౌట్ పోటీల్లోనే వచ్చాయన్న విషయం తగినంతగా గుర్తింపు పొందలేదు. నాడు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు, ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు రెండూ ఆ పద్ధతిలో నడిచినవే. స్వాతంత్ర్యానంతరం 1950లో పునఃప్రారంభమైన డ్యూరాండ్‌ను మోహన్ బగాన్‌ను ఓడించి ఈ జట్టే గెలుచుకుంది. అదే ఏడాది మొదలైన రోవర్స్ విజయపరంపర 1954 వరకు తెగలేదు. ఐదేళ్లపాటు ఆ కప్పును చేజారనివ్వకుండా నిలవడం ఏ ప్రమాణంతో చూసినా అసాధారణం.

దీని వెనుక ఉన్న వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు, వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. బంతిని ఎక్కువసేపు కాలి దగ్గర ఉంచుకోకుండా వెంటనే అందించే ఆటను ఆయన నేర్పారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను నిర్వహించారు. పాఠశాల ఉపాధ్యాయుడి అభ్యాసక్రమం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది: విద్యార్థికి రానిదాన్ని వేరుచేసి, దానినే పదేపదే చేయించడం. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది.

మెల్‌బోర్న్ ఉదంతం తొలి మెట్టు గురించి ఒక చిత్రమైన పాఠం చెబుతుంది. భారత్ తొలి దశలో హంగరీతో తలపడవలసి ఉండగా హంగరీ తప్పుకొంది. ఆడకుండానే క్వార్టర్ ఫైనల్ చేరిన భారత్ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1–4తో, కాంస్యపతక పోటీలో బల్గేరియా చేతిలో 0–3తో ఓడింది. తుళసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అబ్దుల్ లతీఫ్ వంటి హైదరాబాదు ఆటగాళ్లు ఆ జట్టులో ఉన్నారు. సికింద్రాబాదు అమ్ముగూడ నుంచి వచ్చిన బలరాం తరువాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడి 2023లో మరణించారు. తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ 1962 జకార్తా స్వర్ణజట్టులోనూ ఉన్నారు. ఆ ఫైనల్ జరిగిన తేదీ సెప్టెంబరు 4. లిస్బన్‌లో యూరోపియన్ కప్పు మొదలై అప్పటికి సరిగ్గా ఏడేళ్లు.

ఆ ఏడేళ్లూ ఆసియాలో క్లబ్బులకు పోటీయే లేదు. ఆసియా సమాఖ్య 1954లో మనీలాలో ఏర్పడినప్పటికీ క్లబ్బుల పోటీ 1967 వరకు రాలేదు. రహీం 1963 జూన్ 11న మరణించారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఆడుతున్న జట్టు 1961 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ తరువాత పాత ప్రాభవం క్రమంగా తగ్గింది. పోటీ పుట్టేనాటికి దానిలో ఆడదగిన జట్టు వయసు మీదపడి ఉంది. సామర్థ్యం లేక ఆగిపోయారన్న వాదన ఈ కాలక్రమం ముందు నిలవదు.

రాష్ట్రం పేరుతో క్లబ్

1969లో భారతదేశానికి జాతీయ స్థాయి క్లబ్ లీగు లేదు. ఫెడరేషన్ కప్పు 1977లో, నేషనల్ ఫుట్‌బాల్ లీగు 1996లో వచ్చాయి. అందువల్ల దేశ విజేత అనదగినది సంతోష్ ట్రోఫీ గెలిచిన రాష్ట్రజట్టే. 1967–68, 1968–69 సంవత్సరాల్లో ఆ ట్రోఫీని మైసూరు గెలిచింది, 1969లో ఆసియా పోటీకి వెళ్లింది. మరుసటి ఏడాది బెంగాల్ వెళ్లింది.

ఇక్కడ ఒక సంవత్సరాల లెక్క గమనార్హం. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57లోనూ 1957–58లోనూ గెలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. మొదటి రెండు విజయాలకు ఆసియా పోటీ దశాబ్దం ఆలస్యంగా వచ్చింది. మూడోదానికి కేవలం ఒకటి రెండేళ్ల తేడా. విజేతను పంపే ఆనవాయితీ 1966లో అమలులో ఉండి ఉంటే ఆంధ్రప్రదేశ్ జట్టు ఆసియా మైదానంలో దిగి ఉండేదన్నది ఊహ మాత్రమే కాదు, ఆనాటి నియమం నుంచి నేరుగా వచ్చే అనుమితి.

హగరికి అవతలి గట్టున ఉన్నవారికి ఆ అవకాశం దక్కింది. బెంగళూరు ముస్లిమ్స్ 1937లోనే రోవర్స్ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టుగా నిలిచిన చరిత్ర మైసూరుది. కనుక ఆ అర్హతను శంకించనక్కరలేదు. కానీ కణేకల్ ప్రాంతపు యువకుడు ఒకడు 1953కు ముందు బళ్ళారి జిల్లావాసి, తరువాత ఆంధ్రవాసి. అతడు ఏ రాష్ట్రజట్టు ఎంపికకు వెళ్లాలన్నదాన్ని ఆట కాక భాషాప్రయుక్త విభజన నిర్ణయించింది. రాష్ట్రాన్ని క్లబ్బుగా భావించే ఏర్పాటులో ఉన్న లోపం ఇదే. క్లబ్ అంటే ఇష్టపడి చేరే సంస్థ, రాష్ట్రం అంటే పుట్టుకతోనో పటంతోనో సంక్రమించేది.

పోలీసు జట్టును సైతం ఐరోపా అర్థంలో క్లబ్ అనడం కష్టమే. ఆటగాళ్లు శాఖ ఉద్యోగులు. జీతం, భద్రత శాఖ నుంచే. ఈ ఏర్పాటు పేదకుటుంబాల ఆటగాళ్లకు అన్నం పెట్టింది. ఐతే శాఖ ప్రాధాన్యం మారిన రోజున జట్టును నిలబెట్టే సభ్యులు గానీ, టిక్కెట్ల ఆదాయం గానీ దానికి లేకపోయాయి.

కోళికోడ్: మెట్టుకు ముందరి మెట్టు

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. చరిత్ర ఈ పూర్వరంగంలో చదవదగినది. మానోలో మార్క్వెజ్ శిక్షణలో ఆ జట్టు 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1–1గా నిలిచి, పెనాల్టీల్లో 3–1తో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అయినా ఆసియా పోటీలో నేరుగా చోటు దక్కలేదు. ఆ అర్హత లీగు దశలో అగ్రస్థానం పొందిన జంషెడ్‌పూర్‌కు పోయింది. ఆసియా సమాఖ్య ప్రవేశక్రమం మారడంతో 2023లో భారత క్లబ్బుల మధ్య ప్రత్యేక అర్హత ఆటలు జరిగాయి. మే 3న కోళికోడ్‌లో హైదరాబాద్, ఏ.టి.కె. మోహన్ బగాన్ తలపడ్డాయి. ముందు గోల్ చేసింది హైదరాబాదే. చివరికి 3–1తో గెలిచింది మోహన్ బగాన్.

ఆ ఆట ఏ.ఎఫ్.సి. కప్పు నాకౌట్ కాదు, గ్రూపు దశ కూడా కాదు. అర్హత దశకు అర్హత. గెలిచిన మోహన్ బగాన్ ఆ ఆగస్టులో నేపాల్‌కు చెందిన మఛీంద్రాను, ఆపైన ఢాకా అబాహనీని దాటి గ్రూపు దశ చేరింది. హైదరాబాదుది గుమ్మం ముందరి అరుగు మీద ముగిసిన కథ. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో ఓడిన ప్రత్యర్థే డెబ్బైమూడేళ్ల తరువాత దారికి అడ్డుగా నిలిచింది. ఆర్థిక సంక్షోభంతో బలహీనపడిన క్లబ్ 2024లో యజమానులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఫ్రాంచైజీ ఊరు వదిలి వెళ్లగలదు. పోలీసు జట్టు అలా వెళ్లలేకపోయేది, అది ఉన్నచోటే క్షీణించింది. రెండింటికీ సొంత పునాది లేకపోవడం సమానమే.

సరిహద్దుకు అవతల కథ వేరుగా నడిచింది. 2016 ఏ.ఎఫ్.సి. కప్పులో బెంగళూరు ఎఫ్.సి. పదహారు జట్ల దశలో హాంకాంగ్‌లో కిచీని 3–2తో ఓడించి ఫైనల్ దాకా వెళ్లి, దోహాలో అల్ ఖువా అల్ జవియా చేతిలో 0–1తో ఓడింది. ఆ జట్టు నాయకుడు సునీల్ ఛెత్రీ పుట్టింది సికింద్రాబాదులో.

కరువుసీమలో లీగు

1969లో విసెంటె ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) తదనంతరం క్రీడలవైపు కూడా దృష్టి మళ్లించింది. దాని అనుబంధమైన అనంతపురం స్పోర్ట్స్ అకాడమీ స్పెయిన్‌కు చెందిన లా లిగా తోడ్పాటుతో బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుతూ, గ్రామీణ కేంద్రాల జట్ల మధ్య లీగు పద్ధతిలో పోటీలు నడుపుతోంది. ఆసియా ఫుట్‌బాల్‌కూ దీనికీ సంబంధం దూరంగా తోచవచ్చు. ఐతే పద్ధతి ఎంపికలోనే అసలు విషయముంది. నాకౌట్ పోటీకి మారుమూల మండలం నుంచి ఒక జట్టు బస్సెక్కి జిల్లాకేంద్రం చేరి మొదటి ఆటలోనే ఓడితే, ఆ ఏటికి దాని అనుభవం ఒక్క ఆట. లీగులో ఓడినా మరుసటి వారం ఆట ఉంటుంది. కాలువ చివరి ఆయకట్టు రైతుకు వారాబందీ ఎంత అవసరమో ఈ జట్లకు లీగు అంత అవసరం. వంతు ఖాయమైతే నీరు తక్కువైనా పైరు నిలుస్తుంది.

ఐరోపా సమాఖ్య కూడా తొలిమెట్టు కాఠిన్యాన్ని ఇదే దారిలో సడలించుకుంది. 1955లో నేరుగా నాకౌట్‌తో మొదలైన పోటీకి 1990లలో గ్రూపు దశ చేరింది. 2024–25 నుంచి ముప్పైఆరు జట్లు ఒకే లీగు పట్టికలో ఎనిమిదేసి ఆటలు ఆడుతున్నాయి. మొదటి ఎనిమిది స్థానాలవారు నేరుగా పదహారు జట్ల దశకు చేరితే, తొమ్మిది నుంచి ఇరవైనాలుగు స్థానాల్లో ఉన్నవారు ముందుగా ఒక నాకౌట్ మెట్టు దాటాలి. ప్రసారహక్కుల ఆదాయం ఈ మార్పుకు ప్రధాన ప్రేరణ అయినా, చిన్నక్లబ్బుకు కనీసం ఎనిమిది ఆటలు దొరకడం దాని ఫలితాల్లో ఒకటి.

రహీం బలహీనమైన కాలికి ప్రత్యేకంగా పోటీ పెట్టిన నగరంలో ఇప్పుడు దేశపు అగ్రశ్రేణి లీగు జట్టు లేదు. కణేకల్ వంటి ఊరి నుంచి ఎదిగే ఆటగాడికి సమీపంలోని ఆ స్థాయి మైదానం బెంగళూరులోని కంఠీరవ. అక్కడికి వెళ్లాలంటే అతడు 1953 నాటి గీతను దాటాలి.