రౌటర్‌ఓఎస్ స్క్రిప్టులు: ఫంక్షన్లలో చరరాశుల పరిధి

లాట్వియా రాజధాని రీగాయందలి మైక్రోటిక్ సంస్థవారి రౌటర్‌ఓఎస్‌లో, 6.2వ వెర్షన్ మొదలుకొని, స్క్రిప్టు నడుమనే ఫంక్షనును నిర్మించుకొను సౌకర్యము కలదు. అయితే ఆ ఫంక్షను దేహము వేఱొక పరిధి యగుటచే, వెలుపల లోకల్‌గా ప్రకటింపబడిన చరరాశి దానికి గోచరింపదు. గ్లోబల్ చరరాశి సైతము, దాని పేరును లోపల, విలువ నొసగక, మరల ప్రకటించిననే గాని అందదు. వెలుపల ‘టైమౌట్’ అను గ్లోబల్ రాశికి 30 అని విలువ నొసగి, ఈ పునఃప్రకటనము మఱచి, లోపల దానిని ముద్రింపబోయినవానికి, దోషసూచన యేమియు లేకయే, శూన్యము లభించును. ఈ మౌనమే మిక్కిలి అపాయకరము. ఏలయన శూన్యమగు విలువతోనే తక్కిన ఆజ్ఞలు సాగిపోవుచుండును. లోకల్ విలువను, ఫంక్షనును పిలుచునపుడే, పరామితిగా అందింపవలెను. పరామితికి గ్లోబల్ రాశి పేరు పెట్టరాదు. పెట్టినచో ఆ గ్లోబల్ రాశి ఉపేక్షింపబడును.