సండూరు: దేవదారి గనిపై స్థానికుల అభ్యంతరం

బళ్ళారి జిల్లాలో చుట్టూ కొండలే కోటగోడలైన పట్టణం సండూరు. ఘోర్పడే వంశీయులేలిన ఈ చిన్న సంస్థానం 1949లో నాటి మద్రాసు రాష్ట్రంలో విలీనమైంది. 1953లో బళ్ళారితోపాటు మైసూరుకు చేరింది. కొండపైన కుమారస్వామి, పార్వతుల ప్రాచీన ఆలయాలున్నాయి. ఆ కొండల కడుపులోనే ఇనుము, మాంగనీసు ఖనిజాలున్నాయి. చిక్కంతా అక్కడే.

2011లో జిల్లాలో గనుల తవ్వకాన్ని నిషేధించిన సుప్రీంకోర్టు, 2013లో షరతులతో అనుమతించింది. అయితే జిల్లాకు విధించిన వార్షిక పరిమితి 2.5 కోట్ల టన్నుల నుండి 2022 నాటికి 3.5 కోట్లకు పెరిగింది. షరతుల కన్న టన్నులే వేగంగా పెరిగాయనక తప్పదు.

కుద్రేముఖ్ గని 2005 చివర మూతపడిన తరువాత, కేంద్రప్రభుత్వ సంస్థ కె.ఐ.ఓ.సి.ఎల్. దేవదారి కొండల వైపు చూసింది. ఇందుకు కోరినది సుమారు 401 హెక్టార్ల అటవీభూమి. కొట్టవలసిన చెట్లు 99,000కు పైబడినవని లెక్క. మొక్కలను మరొకచోట నాటవచ్చు. కాని తుంగభద్రలో కలిసే నారిహళ్ళ వాగుకు నీరిచ్చే కొండను మరొకచోట నిలపడం సాధ్యమా? సండూరు వాసులు, పర్యావరణ కార్యకర్తలు ఈ గనిని వ్యతిరేకించారు. 2024 జూన్‌లో, కొండదేవుని పేరే గల కేంద్ర ఉక్కుశాఖ మంత్రి హెచ్.డి. కుమారస్వామి గని దస్త్రంపై సంతకం చేశారు. ఆ నెలలోనే కర్ణాటక అటవీమంత్రి ఈశ్వర్ ఖండ్రే, కుద్రేముఖ్‌లో జరిగిన అటవీ ఉల్లంఘనలకు సంస్థ పరిహారం చెల్లించేవరకు భూమిని అప్పగించవద్దని అధికారులను ఆదేశించారు.