చీర వెనకవైపు

మా అమ్మ చేతికి ఏ చీర ఇచ్చినా ముందు తిరగేస్తుంది. రంగు, కొంగు, అంచు తర్వాతి సంగతి. మొన్న దసరాకు ఫోన్‌లో ఒక షాపింగ్ యాప్ తెరిచి, 'ఒరిజినల్ పోచంపల్లి ఇక్కత్' అని రాసి ఉన్న చీర తెప్పించాను. పద్నాలుగు వందలు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు, అచ్చం తేలియా రుమాలు నేతే. అట్టపెట్టె విప్పి ఆమె ఒళ్లో పెట్టాను. మడత తిప్పింది, వెనకవైపు వెలవెలబోతున్న గళ్లు చూసింది. "గిది మిల్లు అచ్చు బిడ్డా, నీ పైసలు పోయినయ్" అంది.

అంతటితో ఊరుకోలేదు. అంచు దగ్గర గోటితో ఒక పోగు పీకి వెలుతురుకు పట్టింది. పోగుకు ఒక పక్కే రంగు. చిటికి కట్టి, అంటే ముడులు వేసి, అద్దిన పోగు రంగును లోపలిదాకా తాగి ఉంటుంది, ఎటు తిప్పినా ఒకటే. ఒక రంగు ఇంకో రంగును తాకే చోట సన్నగా చెదురుతుంది. ఆ చెదురే మా నేతవాళ్ల ముద్ర. ఈమధ్య మిల్లువాళ్లు ఆ చెదురును కూడా అచ్చులో వేస్తున్నారు, అది వేరే ముచ్చట.

యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. వస్తువు వర్ణనకు తగినట్టే ఉందని జవాబొచ్చింది.

నేను పుట్టి పెరిగింది పానగల్‌లోనే. కందూరు చోడుల రాజధాని ఇది. ఉదయసముద్రం చెరువు కట్ట ఎక్కితే నల్లగొండ ఊరంతా కనిపిస్తుంది. నా బతుకుతెరువు మాత్రం గ్రాఫులు గీయడం. పుట్టపాక, గట్టుప్పల్, చండూరు మగ్గాలవాళ్లకు డిజైను గళ్ల కాగితం మీద గీసి ఇస్తాను. ఒకప్పుడు రంగు పెన్సిళ్లు, ఇప్పుడు కంప్యూటరు. పాతికేళ్లలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. నేను గీసిన గ్రాఫు ఒక మగ్గానికి అమ్మితే నెల తిరిగేసరికి పది మగ్గాల మీద ఉంటుంది. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత, నేను గీసే చిలుకలూ ఏనుగులూ మాత్రం ఎక్కడివని నన్ను నేనే అడిగాను.

అసలు ఈ చిటికి విద్యే మనకు నకలుగా వచ్చింది. తేలియా రుమాళ్లు చీరాలవి. పోగును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి రంగు పట్టించేవారు. అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేవి. 1915 ప్రాంతంలో ఆ పనితనం పోచంపల్లికి చేరింది. 1950ల్లో ఇద్దరు కుర్రాళ్లను బనారసుకు పంపి పట్టు నేత నేర్పించాక రుమాలు కాస్తా పట్టుచీర అయింది. చీరాలవాళ్లు ఆ రోజు పేటెంటు అని అడ్డం పడి ఉంటే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో వేల మగ్గాలు ఉండేవి కావు.

అలాగని పేటెంటే దండగ అనను. దానికి కారణం మా అమ్మ కుడి భుజం.

పేకకు చిటికి కట్టాలంటే ముందు ఆసు పోయాలి. ఆసు అంటే ఒక చట్రం. ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వంపు తిరిగిన వరస మేకులు. పోగును ఒంటి మేకుకు తగిలించి వంపులోని మేకు దాకా తీసుకెళ్లి, చుట్టి, మళ్లీ వెనక్కి తేవాలి. తర్వాత పక్క మేకు. వేళ్లు ఒక్క మేకు తప్పినా డిజైను చెడుతుంది. ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలైతే పద్దెనిమిది వేల సార్లు. ఇది ఆడవాళ్ల పని. మగ్గం మీద కూర్చున్నవాడికి పేరు, ఆసు పోసినామెకు భుజం నొప్పి. మా అమ్మ ఇప్పటికీ కుడి చెయ్యి ఎత్తి తలకు నూనె రాసుకోలేదు.

ఆలేరు దగ్గర శారాజిపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మిదీ అదే నొప్పి. బడి మధ్యలోనే మానేసిన మనిషి 1992లో ఆసు పోసే యంత్రం మొదలుపెట్టాడు. డబ్బులు అయిపోయాయి, ఊరు నవ్వింది. హైదరాబాద్ వెళ్లి కూలికి చేరాడు. బాలానగర్‌లో ఒక కార్ఖానాలో యంత్రం కదలిక ఒకటి చూసి, తన యంత్రంలో కుదరని కీలు ఎక్కడుందో పట్టుకున్నాడు. 1999లో యంత్రం తిరిగింది. చీరకు గంటన్నర. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టాడు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా. సినిమా చూసి మా అమ్మ ఏడవలేదు. "ఇంకో ఇరవై ఏండ్ల ముందు రావొద్దా" అంది.

బాలానగర్‌లో చూసిన కదలిక వేరేవాళ్ల యంత్రానిది. దాన్ని చూసి నేర్చుకోవడం దొంగతనం కాలేదు. మరి మల్లేశం పేటెంటు ఎందుకు న్యాయమంటే, పేటెంటు అంటే దాచుకోవడం కాదు గనుక. ఏ కీలు ఎలా తిరుగుతుందో బొమ్మలతో సహా లోకానికి రాసివ్వాలి. బదులుగా దరఖాస్తు నాటినుంచి ఇరవై ఏళ్ల హక్కు. గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు.

నా కంప్యూటర్‌లో గ్రాఫులు వేసే సాఫ్ట్‌వేర్ సంగతి అలా కాదు. మన 1970 పేటెంట్ల చట్టానికి 2002లో చేసిన సవరణతో 3(కె) సెక్షన్ వచ్చింది. గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాము పేటెంటుకు పనికిరావని అందులో ఉంది. 2004 డిసెంబరులో కేంద్రం ఆర్డినెన్సుతో ఆ తలుపు కాస్త తెరవబోయింది. 2005లో పార్లమెంటు ఆ మాటను తీసేసింది. 2015 ఆగస్టులో పేటెంటు ఆఫీసు మార్గదర్శకాల పేరుతో మళ్లీ అదే దారి. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు, చిన్న కంపెనీలవాళ్లు గోల పెడితే డిసెంబరులో పక్కన పెట్టి, 2016 ఫిబ్రవరిలో కొత్తవి ఇచ్చారు. 2017లో అవీ మారాయి. మన చిన్న కంపెనీల భయం ఏమిటో తెలియాలంటే అమెరికా చూడాలి. ఒక్క నొక్కుతో సరుకు కొనే పద్ధతికి అమెజాన్‌కు 1999లో అక్కడ పేటెంటు దొరికింది. 2017 దాకా అది నడిచింది. మల్లేశం ఏడేళ్లు ఇనుప ముక్కలతో కుస్తీ పట్టి చేసిన యంత్రానికీ, ఒక మీట నొక్కడానికీ ఒకే రకం కాగితం! నాకు ఇది మింగుడుపడదు. ప్రోగ్రాము రాసేవాడు నాలాగే గ్రాఫు గీసేవాడు. ఒకరి ముడి చూసి ఇంకొకరు ముడి వేస్తారు. అక్కడ కంచె కడితే ముందు పోయేది చిన్న మగ్గమే.

కాబట్టి నకలు మీద నాకు పేచీ లేదు. దొంగపేరు మీదే పేచీ. మా ప్రాంతంలో గ్రాఫు కాపీ కొట్టినవాడు కూడా చీరను నేసే అమ్ముతాడు. మిల్లు గుడ్డను చిటికి చీర అనడు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది, దేశంలో మొట్టమొదటి కొన్నింటిలో అదొకటి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకూ వచ్చింది. ఆ గుర్తింపు కాపాడేది పేరును. గళ్ల డిజైను ఎవరైనా అచ్చేసుకోవచ్చు, కానీ దాన్ని పోచంపల్లి ఇక్కత్ అని అమ్మకూడదు. చట్టం ఉంది. ఫోన్ తెరలో ఆ పేరు ఎవరు రాశారో పట్టుకునేదెవరు?

చీర పోతే పద్నాలుగు వందలు పోయాయి. దొంగపేరు యాప్‌కే పెడితే ప్రాణాలు పోతాయి. 2020 చివర్లో తెలంగాణలో అప్పుల యాప్‌లు ఏం చేశాయో చూశాం. వారం గడువుకు అప్పిచ్చి, ఫోన్‌లోని పేర్లన్నీ లాక్కుని, చుట్టాలకు బూతు మెసేజ్‌లు పంపారు. ఆత్మహత్యలు జరిగాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. 2021 జనవరిలో గూగుల్ కొన్ని యాప్‌లను తీసేసింది, రిజర్వు బ్యాంకు కమిటీ వేసింది. డిజిటల్ అప్పులకు నియమాలు 2022 సెప్టెంబరులో గానీ రాలేదు. ఆ యాప్‌లకు పేటెంటు ఉందా లేదా అని ఒక్కరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. అప్పిచ్చేది ఏ బ్యాంకో, వడ్డీ ఎంతో ముందే తెర మీద కనిపించి ఉంటే సగం మంది ఆ మీట నొక్కేవారు కాదు.

అలాగని తెర మీద రాసిందల్లా నిజమూ కాదు. మా పానగల్‌లోని ఛాయా సోమేశ్వరుడి గుడికి వచ్చే పిల్లలు ఫోన్‌లో చదివిన మాటే మళ్లీ చెబుతుంటారు, గర్భగుడిలో కదలని నీడ రహస్యం సైన్సుకు అంతుబట్టలేదని. ఎండ నేరుగా లోపలికి రాదు. స్తంభాల నడుమ నుంచి చెదిరి వచ్చిన వెలుతురు గోడ మీద నీడ పరుస్తుంది, అందుకే పొద్దు తిరిగినా నీడ అక్కడే ఉంటుంది. కట్టినవాడు దాచిందేమీ లేదు. స్తంభాల వరస ఎవరికైనా కనిపిస్తుంది, కొలుచుకోవచ్చు. దాచింది ఫార్వర్డ్ చేసినవాడే.

మీరు ఈ పండక్కి ఫోన్‌లో ఇక్కత్ చీర కొనేటట్టయితే ఒక్క పని చేయండి. డబ్బు కట్టకముందే అమ్మేవాణ్ని చీర వెనకవైపు ఫొటో అడగండి. పంపకపోతే కొనకండి.