యింటికొచ్చే సేవకు వూరి కాపలా

యింటికి వెళ్ళి తల్లులకు పిల్లల పెంపకంలో తోడ్పడే పద్ధతికి చరిత్ర వుంది. జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేటల్లో 1986-87లో డాక్టర్ శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల కుంటుబడిన 129 మంది పసివాళ్ళను ఎంచుకొన్నది. కొందరి యిళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళపాటు వారం వారం వెళ్ళి, చేతితో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో తల్లికి చూపారు. అలా ఆడిన పిల్లలు 22 ఏళ్ళ వయసులో, ఆ సేవ అందని తోటివారికన్నా 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో తేలింది.

మంచి పనే. మరి యింటి లోపల జరిగే పనికి సాక్షి ఎవరు? రిజిస్టరులో సంతకం వుండవచ్చు. గడప తొక్కిందీ లేనిదీ యిరుగుపొరుగుకే తెలుసు.

2012లో పెరూ దేశం ప్రారంభించిన కూనా మాస్ పథకం దీనికొక దారి చూపింది. పల్లెల్లో గర్భిణుల, మూడేళ్ళలోపు పిల్లల యిళ్ళకు వెళ్ళేది స్థానికులే. ప్రభుత్వమిచ్చే సొమ్మును వూరివారి నిర్వహణ సంఘం ఖర్చు చేస్తుంది. ఆ సంఘాన్ని కనిపెట్టి వుండటానికి మరో నిఘా మండలి!

మన దేశంలో 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలోనూ యిళ్ళకు వెళ్ళడం అంగన్‌వాడీ కార్యకర్త విధుల్లో ఒకటి. ఆమె వస్తున్నదా, ఆమెకు జీతం, సామగ్రి సకాలంలో అందుతున్నాయా అని అడగవలసింది మనమే. ఒక్క జాగ్రత్త: నిఘా సేవ మీద వుండాలిగాని, పేదతల్లి వంటింటి మీద కాదు. అందుకే ఆ కమిటీల్లో తల్లులకే ముందుపీట వేద్దాం.