అయోవా పందుల ఫారాలు – స్థానిక జోనింగ్ వివాదం

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో భారీ పందుల ఫారాలను ఎక్కడ కట్టాలో తేల్చే అధికారం కౌంటీలదా (జిల్లాల వంటి స్థానిక పాలనా విభాగాలు), రాష్ట్రానిదా అన్నది ఈ వివాదం. పందుల పెంపకంలో దేశంలో మొదటి స్థానం అయోవాదే. అక్కడ మనుషులు సుమారు 32 లక్షలైతే పందులు 2 కోట్లకు పైనే.

నేపథ్యం

కౌంటీలకు జోనింగ్ (ఏ భూమిని దేనికి వాడాలో నిర్ణయించే) అధికారమిచ్చిన 1947 నాటి చట్టమే వ్యవసాయ భూములకు, కట్టడాలకు మినహాయింపునిచ్చింది. దొడ్లో కొద్దిపాటి పందులతో బతికే రైతుకు అది అండగా నిలిచింది. అయితే 1990ల నాటికి అదే మినహాయింపు కింద వేల పందులను మూసిన షెడ్లలో పెంచే పద్ధతి విస్తరించింది. ఈ షెడ్లలో నేల సందులున్న కాంక్రీటు పలకలతో ఉంటుంది. మలమూత్రాలు వాటి సందుల్లోంచి కింది గోతిలోకి జారి నెలల తరబడి నిలవుంటాయి. అమోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన గాలిని ఫ్యాన్లు బయటికి తోస్తాయి. కోతలయ్యాక గోతిలోని మలమూత్రాలను ఎరువుగా చేలకు తోలుతారు.

చట్టాలు, తీర్పులు

ఇళ్లకు, ఫారాలకు మధ్య ఉండాల్సిన దూరాలను 1995 చట్టం నిర్దేశించింది. అది చాలదని హంబోల్ట్ కౌంటీ 1996లో నాలుగు ఆర్డినెన్సులు (స్థానిక నిబంధనలు) చేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 1998లో నాలుగింటినీ కొట్టేసింది. అదే ఏడాది శాసనసభ పశువుల ఫారాలపై కౌంటీలు సొంత నిబంధనలు పెట్టకుండా కట్టడి చేసింది.

ఇరుగుపొరుగు వేసే దావాల నుంచి ఫారాలకు చట్టం ఇచ్చిన రక్షణ మరో చిక్కు. అలాంటి ఒక రక్షణ రాజ్యాంగ విరుద్ధమని 1998లో కొసూత్ కౌంటీ కేసులో కోర్టు చెప్పింది. 2004లో మరో కేసులోనూ బాధితుల పక్షాన నిలిచిన కోర్టు, 2022లో ఆ 2004 తీర్పును తానే తోసిపుచ్చింది.

మాస్టర్ మ్యాట్రిక్స్

2002లో రాజీమార్గంగా మాస్టర్ మ్యాట్రిక్స్ అనే మార్కుల పట్టిక వచ్చింది. కొత్తగా కట్టే పెద్ద ఫారాలకు గాలి, నీరు, జనజీవనంపై పడే ప్రభావాన్ని బట్టి 44 ప్రశ్నలకు మార్కులు వేస్తారు. మొత్తం 880లో కనీసం 440 రావాలి. ఈ పద్ధతిని ఎంచుకున్న కౌంటీలు మార్కులు వేసి రాష్ట్రానికి సిఫార్సు చేస్తాయి.

వాదనలు

99 కౌంటీల్లో 99 రకాల నిబంధనలుంటే సేద్యం సాగదని ఫారాల పక్షం అంటుంది. కానీ రాష్ట్ర ఈశాన్య భాగంలో సున్నపురాయి పగుళ్ల గుండా మురుగు బావుల్లోకి త్వరగా దిగుతుంది. అన్ని చోట్లకూ ఒకే కొలత ఎలా సరిపోతుందని స్థానికులు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. ఆ నీళ్లు తాగేది, ఆ గాలి పీల్చేది వాళ్లే. అయినా ఫారానికి అనుమతిపై తుది మాట నేటికీ రాష్ట్ర ప్రభుత్వానిదే.