పులి-మేక మొదలు పబ్జీ దాక

పులివెందుల అసలు పేరు పులిమందల యనియు, పులులు మందలుగా తిరిగిన తావు కనుక ఆ పేరు కలిగినదనియు జనశ్రుతి. పులులు పోయినవి, పులి ఆట మాత్రము చాలకాలము నిలిచినది. గుడి అరుగులమీదను, రచ్చబండలమీదను గీచిన పులి-మేక గళ్ళు తెలుగునాట పెక్కుచోట్ల నేటికిని కనబడును. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మీదుగా దుమికినచో మేక చచ్చినట్లే. మేకలన్నియు చేరి పులులను కదలనీయకుండ కట్టివేసినచో గెలుపు మేకలది. ఆ ఆటలో ఎన్ని చావులు! తోలుబొమ్మలాటలో కీచకవధను పిల్లలు తెల్లవారుదాక కన్నార్పక చూచెడివారు. వీనివలన పిల్లలు క్రూరులగుదురని మన పెద్దలు బెంగపడినట్లు నేను వినలేదు.

ఆ బెంగ యంత్రపుటాటతో వచ్చినది. 1976లో అమెరికాలో 'డెత్ రేస్' అను ఆట వెలువడినది. తెరమీద పరుగెత్తు బొమ్మలను కారుతో గుద్దవలెను. గుద్దిన చోట ఒక సమాధి లేచును. అవి మనుష్యులు కావు, పిశాచములని తయారుచేసినవారు చెప్పుకొన్నను పెద్దల ఆగ్రహము చల్లారలేదు. 1992లో 'మోర్టల్ కాంబాట్' వచ్చినది. మరుసటి యేడు డిసెంబరులో అమెరికా సెనేటు విచారణ జరిపినది. 1994లో ఆటలకు వయోనిర్ణయము చేయు మండలి ఏర్పడినది. 1999 ఏప్రిలులో కొలరాడోలోని కొలంబైన్ పాఠశాలలో కాల్పులు జరిపిన విద్యార్థులిద్దరును 'డూమ్' ఆడెడివారని తెలిసినపుడు లోకమంతయు ఆ ఆటవైపే వ్రేలు చూపినది.

మన దేశమున ఈ కలవరము పబ్జీతో పుట్టినది. 2019 మార్చిలో రాజకోట పోలీసులు దానిని నిషేధించి, ఆడుచున్న యువకులను పట్టుకొనిరి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించినపుడు అదియు పోయినది. ప్రొద్దుటూరు మొదలు ఢిల్లీ దాక తలిదండ్రులు సంతోషించి యుందురు. కాని ఆ ఉత్తరువునకు చెప్పిన కారణము దేశభద్రత, సార్వభౌమత్వము; పిల్లల మనస్సు కాదు.

పరిశోధకులేమనుచున్నారు? 2019లో ఆక్స్‌ఫర్డు పండితులు వేయిమందికి పైగా బ్రిటిష్ బాలబాలికలను పరిశీలించి, హింసాత్మకమైన ఆటకును దుడుకుతనమునకును సంబంధము కనబడలేదనిరి. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘము 2020లో మధ్యేమార్గముగా పలికినది: కేకలు, త్రోపులాటల వంటి దుడుకుతనముతో కొద్దిపాటి సంబంధము కలదు, హత్యలకు ఆటయే కారణమనుటకు చాలిన ఆధారము లేదు.

ఈ రెండవమాట మన సీమలో ఎవరికిని చెప్పనక్కరలేదు. 1800లో దత్తమండలములు కుంఫిణీవారి చేతికి వచ్చినపుడు, ప్రధాన కలెక్టరైన థామస్ మన్రోకు ఎనుబదిమంది పాలెగాండ్రు, వారి వేలకొలది సాయుధులైన బంట్లు ఎదురైరి. పాలెములు పోయినవి, అలవాట్లు పోలేదు. 1847 ఫిబ్రవరిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి, ఆయన శిరస్సును కోటగుమ్మమున ముప్పదియేండ్లు వ్రేలాడదీసిరి. ఆ త్రోవన నడచిన పిల్లలు చూచినది తెరమీది బొమ్మ కాదు. ఇరువదవ శతాబ్దిలో గ్రామకక్షలు వేటకొడవళ్ళతో, నాటుబాంబులతో సాగినవి. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఎందరో తల్లులు బిడ్డలను దూరపు హాస్టళ్ళకు పంపినది చదువు కొరకు మాత్రమే కాదు. పగ అచ్చట పొలమువలె తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడిది. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చిన పిమ్మట సినిమావారు దానినే అమ్ముకొనిరి. బయటి ఊళ్ళలో చదువు మన పిల్లలకు 'బాంబులవాళ్ళు' అను ఎకసెక్కెము మిగిలినది. ఈ చరిత్రలో సెల్‌ఫోనుకు చోటెక్కడ?

అంతమాత్రమున ఆట నిర్దోషి యని నేననను. ఆట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల పట్టికలో చేర్చినది. దుప్పటి క్రింద వెలుగుచున్న ఫోను ముందుగా దొంగిలించునది నిద్రను. పిమ్మట చదువును, ఒక్కొక్కచోట తండ్రి బ్యాంకు సొమ్మును. పులి-మేక ఆడునపుడు ఎదుటివాని ముఖము కనబడెడిది, అలిగినచో తెలిసెడిది.

2021లో పబ్జీ వేరొక పేరుతో మన దేశమునకు తిరిగి వచ్చినది. ఈసారి నెత్తురు ఆకుపచ్చరంగులో చూపుటకు ఏర్పాటు చేసిరి. 'చంపుట' యను మాట తీసి 'ముగించుట' అనిరి. పదునెనిమిది యేండ్లలోపు వారికి దినమునకు మూడు గంటలే యని కట్టడి పెట్టిరి. తండ్రి ఫోనులో, తండ్రి పేరున ఆడు పిల్లవానికి ఆ గడియారము వర్తించదు.